నొప్పి చెబితేనే హాజరు

మా పీడీ గారు ఇక లేరని రెండు వారాల కిందట గురువారం, నేను పనిచేసే బడిలో ప్రార్థన అవుతుండగా తెలిసింది. ఫోన్ చేసింది వాళ్ళావిడే. మేమంతా ఆవిడని మేడం గారు అంటాం. "రాత్రి నిద్రలోనే వెళ్ళిపోయారమ్మా. ఎక్కడా నొప్పి అని ఒక్క మాట అనలేదు" అన్నారు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. మా అందరి చేతా రోజూ నొప్పులు చెప్పించుకున్న మనిషి, తన వంతు వచ్చేసరికి నోరు విప్పకుండా వెళ్ళిపోవడం ఏం న్యాయమండీ?

పీడీ అంటే ఫిజికల్ డైరెక్టర్. భీమవరంలో నేను చదివిన ఇంజనీరింగ్ కాలేజీలో ఆటలు నేర్పేది ఆయనే. ఆయన అసలు కబడ్డీ మనిషి. కానీ యూనివర్సిటీ పోటీల్లో అమ్మాయిల బేస్‌బాల్ కూడా ఉందనీ, దానికి వచ్చే జట్లు తక్కువనీ, కప్పు సులువుగా కొట్టేయొచ్చనీ మా కరెస్పాండెంట్ గారికి ఎవరో చెప్పారు. అంతే, మర్నాడే జట్టు కట్టమని ఆర్డరు. రొయ్యల చెరువుల మధ్య బేస్‌బాల్ ఏంటని మీరు నవ్వుతారేమో. మేమూ నవ్వాం. నవ్వనిది ఆయనొక్కరే. అప్పటికి ఆయన బేస్‌బాల్‌ని కళ్ళతో చూసిన పాపాన పోలేదు.

ఆయన ఆ ఆట నేర్చుకున్నది కంప్యూటర్ గేములో. పాత విద్యార్థి ఎవరో ఆఫీసు కంప్యూటర్లో ఎక్కించి వెళ్ళాడు. అందులో పరుగెత్తే బొమ్మలుండవు, అన్నీ పేర్లూ అంకెలే. జట్టుకి మనమే మేనేజరు. ఎవరు ఆడాలో, ఎవరు కూర్చోవాలో మనం చెబితే, మ్యాచ్ ఎలా జరిగిందో అది చెబుతుంది. ఆయన తన జట్టుకి 'రావులపాలెం చక్కెరకేళి' అని పేరు పెట్టుకున్నారు. ఆటగాళ్ళందరికీ అరటిపళ్ళ పేర్లే. అమృతపాణి బంతి విసిరేవాడు, కర్పూరం పరుగెత్తేవాడు. బొంత అనేవాడు లావుగా ఉంటాడని ఆయన ఊహ.

ఆ గేముతో ఆయనకి ఒకటే పేచీ, గాయాల దగ్గర. ఎవడికైనా దెబ్బ తగిలితే పేరు పక్కన ఎర్ర ప్లస్ గుర్తు పడేది, 'భుజం, ఆరు వారాలు' అని. ఆరు వారాలవగానే వాడు ఏమీ జరగనట్టు మైదానంలోకి దిగేవాడు. "ఇదేంటమ్మా, దండెం మీద ఆరేసిన చొక్కా తీసి తొడుక్కున్నట్టు! నిన్నటిదాకా బాగున్నవాడికి ఇవాళ హఠాత్తుగా భుజం పోవడమేంటి? నొప్పి ముందు కబురు పెట్టి వస్తుంది. కబురు చెప్పడానికి వీళ్ళకి నోరు లేదు, అదీ దీని తప్పు" అనేవారు. ఒక్క బటన్ నొక్కితే ఆ వారాలు క్షణంలో దాటేయొచ్చు. ఆయన నొక్కేవారు కాదు. రోజుకి ఒక్క రోజే ముందుకి జరిపేవారు. ఫిజిక్స్ లెక్చరర్ గారు గుమ్మం దగ్గర ఆగి, "ఏమండీ పీడీ గారూ, మీ అమృతపాణికి ఎలా ఉందండీ?" అని వేళాకోళమాడేవారు. "ఇంకా రెండు వారాలు పడుతుందండి. ఇవాళ కాస్త నయం" అని ఈయన నిదానంగా జవాబిచ్చేవారు.

ఆ పేచీలోంచే మా అటెండెన్సు పుట్టింది. పొద్దున్నే గ్రౌండులో వరసగా నిలబెట్టి పేరు పిలిస్తే 'ప్రెజెంట్ సార్' అనకూడదు. ఎక్కడ నొప్పో చెప్పాలి. "మోకాలండి", "మడమండి", "నిన్న బంతి తగిలిన వేలండి". నొప్పి చెబితేనే హాజరు. ఎవరైనా "ఏం లేదండి" అన్నారో, ఇక వదిలేవారు కాదు. "ఏం లేకపోవడమేంటమ్మా, మనిషివేనా? చూపించు, చెయ్యెత్తు, వంగు, గెంతు" అని ప్రాణం తీసేవారు. వేరే జట్లవాళ్ళు మా వరస చూసి, ఇది టీమా, ఆసుపత్రా అని పగలబడి నవ్వేవారు.

మొదటి ఏడాదే మేం సెమీఫైనల్‌కి వచ్చేశాం. నేను పిచ్చర్‌ని, అంటే బంతి విసిరేదాన్ని. ఊళ్ళో నా పేరు మారుమోగిపోతోందని నా నమ్మకం. ఆ పొద్దున్న అటెండెన్సులో ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, "జడ వేసుకుంటుంటే భుజం వెనక లాగిందండి" అన్నాను. ఆయన పెన్ను ఆగిపోయింది. "ఎన్నాళ్ళ నుంచి?" అన్నారు. వారం నుంచి అన్నాను. "ఇవాళ నువ్వు కూర్చోమ్మా" అన్నారు.

కరెస్పాండెంట్ గారు కారు దిగి పరుగున వచ్చారు. "ఏంటండీ మీ పంతం? ఒక్క మ్యాచ్ అండి. నూనె రాసి మర్దనా చేయించండి. ఇది పోతే వచ్చే ఏడాది మీరుండరు, మీ బేస్‌బాలూ ఉండదు" అన్నారు. పీడీ గారు చేతులు కట్టుకుని, "అలాగేనండి. అమ్మాయి మాత్రం ఆడదండి" అన్నారు. మేం చిత్తుగా ఓడిపోయాం. బస్సులో ఆయనతో ఎవరూ మాట్లాడలేదు. నేనైతే ఆయన మొహం కూడా చూడలేదు. అంత కోపం నాకు ఇంతవరకూ ఇంకెవరి మీదా రాలేదు.

మర్నాడు ఆఫీసుకి పిలిచారు. కంప్యూటర్లో నా పేరుతో ఒక ఆటగత్తెని తయారు చేసి, ఆ పేరు పక్కన భుజం గాయం పెట్టారు. "ఇందులో దెబ్బతో కూడా ఆడించొచ్చు. నువ్వే మేనేజరువి, ఆడించు" అన్నారు. నాకదే కావాలి. ఆడించాను. తెర మీది నేను తొమ్మిది ఇన్నింగ్సూ వేసి గెలిచేసింది! "చూశారా సార్? నన్ను ఆడనిస్తే గెలిచేవాళ్ళం!" అని కుర్చీలోంచి లేచిపోయాను. ఆయన కోప్పడలేదు. "గెలిచావు తల్లీ. కానీ ఆ అమ్మాయి రేపు పొద్దున్న లేచి జడ వేసుకోనక్కర్లేదు. నువ్వు వేసుకోవాలి" అన్నారు. అయినా నా కోపం మాత్రం చావలేదు.

ఆ ఆదివారం మా ఇంటికే వచ్చారు. మాది నరసాపురం దగ్గర, ఏటి గట్టున. మా నాన్న చిన్నప్పటి నుంచీ విసురు వలతో చేపలు పట్టాడు. నా విసురు మా నాన్న నుంచే వచ్చిందని ఊళ్ళో అందరూ అంటారు. నాన్న మంచం వాల్చి, "దీనికింత గొడవెందుకండీ? నరం పట్టేసుంటది. ఆవదం కాసి మర్దనా చేత్తే పోద్ది. నేనూ ఎన్నేళ్ళు చేయించానో" అన్నాడు.

"మరి పోయిందాండీ?" అని అడిగారు సార్.

"ఆయ్, పోయిందండి."

"ఏదీ, ఒకసారి చెయ్యి పైకెత్తండి."

నాన్న కుడిచెయ్యి ఎత్తాడు. భుజం దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకో చేత్తో మోచేతి కింద పట్టుకుని ఎత్తబోయాడు, లేవలేదు. చొక్కా తొడుక్కోవాలంటే అమ్మ పట్టుకోవాలి. వల వెయ్యడం మానేసి చేపల బేరాలు చూసుకుంటున్నది అందుకే. ఇదంతా నేను రోజూ చూస్తున్నదే, ఆ పూట దాకా నాకు కనపడలేదు. నాన్న చెయ్యి దించాడు. తర్వాత, "మా అమ్మాయి మీ ఇష్టమండి" అన్నాడు.

ఆ తర్వాత ఎముకల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళింది, ఆయన చెప్పిన కసరత్తులు తు.చ. తప్పకుండా చేయించింది సారే. పాత సైకిల్ ట్యూబు ఆఫీసు కిటికీ ఊచకి కట్టారు. రోజూ దాన్ని లాగడమే నా ఆట. బంతి ముట్టుకోనివ్వలేదు. నేను విసుక్కుంటే తెర చూపించి, "వీడికి ఆరు వారాలని రాసిపెట్టి ఉంది, వీడు అదృష్టవంతుడు. నీకు ఎవరూ రాసిపెట్టలేదు. నీ భుజం ఎప్పుడు చెబితే అప్పుడే" అనేవారు. కరెస్పాండెంట్ గారి బెదిరింపు మాటేమంటారా? ఇంకొకర్ని పెడదామంటే జిల్లాలో బేస్‌బాల్ తెలిసిన మనిషి దొరకలేదు!

మరుసటి ఏడాది రాజమండ్రిలో ఫైనల్. చివరి ఇన్నింగ్స్‌లో మాకు ఒక్క పరుగు ఆధిక్యం, వాళ్ళ మనుషులు రెండు బేసుల మీద పరుగుకి కాచుకుని ఉన్నారు, ఇంకొక్కరిని అవుట్ చెయ్యాలి. సార్ మైదానంలోకి నడుచుకుంటూ వచ్చారు. అందరూ నన్ను మార్చేస్తున్నారనుకున్నారు.

"ఎక్కడమ్మా?"

"ఎక్కడా లేదండి. కాళ్ళు మాత్రం వణుకుతున్నాయండి."

"అది నొప్పి కాదు, భయం. ఇది కూడా ఆ కంప్యూటర్లో పెట్టలేదు వెధవలు! వెయ్యి, చూద్దాం" అని నవ్వి వెనక్కి వెళ్ళిపోయారు.

వేశాను. మూడు బంతులు, మూడూ ఎదుటి అమ్మాయి బ్యాటుని దాటి వెళ్ళిపోయాయి. ఈ ఆటలో అలా మూడు తప్పితే అవుటే. తర్వాత ఏం జరిగిందో నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. అమ్మాయిలంతా నా మీద పడ్డారు. కరెస్పాండెంట్ గారు సార్‌ని వాటేసుకుని గాల్లోకి లేపేశారు. గ్రౌండు గట్టు మీద మా నాన్న ఎడమచెయ్యి ఎత్తి ఊపుతూ కేకలు పెడుతున్నాడు. గెలిచామండీ! జీవితంలో అంతలా గెలిచిన రోజు ఇంకోటి లేదు నాకు.

రిటైరయ్యాక కూడా ఆయన రావులపాలెం జట్టుని వదల్లేదు. కొత్త గేము వచ్చినప్పుడల్లా నాకు ఫోన్. "ఈసారి దాంట్లో ఒకసారి పోయిన భుజం మళ్ళీ పోయే వీలుందమ్మా. కొంచెం బుద్ధొచ్చింది వీళ్ళకి" అనేవారు. "మరి నోరొచ్చిందా సార్?" అనేదాన్ని. "ఇంకా రాలేదు. వస్తుందిలే" అనేవారు. ఇప్పుడు నేనూ ఒక హైస్కూల్లో ఆటలు నేర్పుతున్నాను. మా పిల్లల హాజరు కూడా నొప్పులతోనే.

నిన్న పెద్దకర్మకి పాత జట్టంతా వచ్చింది. బ్యాంకు మేనేజరు, టీచరమ్మ, రొయ్యల మేత వ్యాపారం చేసే ఆవిడ, అందరం నడివయసుకి దగ్గరపడుతున్నాం. భోజనాలయ్యాక మేడం గారు మమ్మల్ని చూసి, "ఆయనుంటే ఈపాటికి వరసలో నిలబెట్టేసేవారు కదర్రా" అన్నారు. షామియానా కింద, పట్టుచీరలతోనే, వెళ్ళి నిలబడిపోయాం. మేడం గారు ఒక్కొక్కళ్ళ పేరూ పిలిచారు.

"నడుమండి." "మోకాలండి, రెండూ." "మెడండి, కంప్యూటర్ వల్ల." నవ్వుతున్నాం, కళ్ళు తుడుచుకుంటున్నాం.

నా వంతు వచ్చింది. "ఏం లేదండి" అన్నాను.

"ఏం లేదంటే ఆయన ఒప్పుకోరమ్మా. చూపించు" అన్నారు మేడం గారు.

కుడిచెయ్యి ఎత్తాను. భుజం దాటి, చెవి పక్కగా నిటారుగా లేచి, వేళ్ళు షామియానా గుడ్డకి తగిలాయి. వెనక కుర్చీలో మా నాన్న కూర్చుని ఉన్నాడు. ఆ చేతినే చూస్తున్నాడు. నాకు దించబుద్ధి కాలేదు.