చీర చేసిన సముద్రస్నానం

మొన్న ఆదివారం ఎదురు ఫ్లాటులో కొత్తగా కాపురం పెట్టిన అమ్మాయి చీర అంచు దులుపుకుంటూ మా ఇంట్లోకి వచ్చింది. గడప దగ్గర పిడికెడు ఇసుక రాలింది. పొద్దున టిఫిన్లు చేసి కారులో బయలుదేరారట మొగుడూ పెళ్ళాలు. బెంజి సర్కిల్ దాటడమే కష్టమైంది గానీ, ఆ తరవాత బందరు ఎంతసేపటిదండీ అంది. మంగినపూడిలో సముద్రం చూసి, దారిలో భోంచేసి, మూడింటికల్లా ఇంట్లో ఉన్నారు. "బామ్మగారూ, మీరెప్పుడైనా వెళ్ళారా బీచికి?" అని అడిగింది. వెళ్ళానన్నాను. "తాతగారితోనా? ఎంత రొమాంటిక్కండీ!" అంది. కాఫీ ఇచ్చి పంపేశాను. అది కాఫీ చల్లారేలోగా చెప్పగలిగే సంగతి కాదు.

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. అప్పటికి మా ఊరి పేరు బెజవాడే. గవర్నరుపేటలో మా బట్టల కొట్టు ఉండేది. బట్టలు ఉండవలసిన బీరువాల్లో గాలీ వెలుతురూ ధారాళంగా ఉండేవి. బట్టకు సర్కారు కంట్రోలు, నూలుకు కంట్రోలు, పెట్రోలుకు కంట్రోలు. "కంట్రోలు లేనిది మా అమ్మ నోటికొక్కదానికే" అనేవారు మా ఆయన, మా అత్తగారు వినకుండా. నాకు ఇరవై నిండలేదు గానీ ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. మొదటివాడు పురిట్లోనే పోయాడు. రెండోది ఆడపిల్ల, తొమ్మిది రోజులు ఉంది. పదకొండో రోజున పేరు పెట్టాలనుకున్నాం. పేరు లేని బిడ్డను తలుచుకోవడం ఎంత కష్టమో పేరు పెట్టుకున్నవాళ్ళకు తెలియదు. మా ఆయన ఒక్కనాడైనా ఆ పిల్ల మాట ఎత్తలేదు.

ఆ ఏడు మా అత్తగారు పంచాంగం ముందు పెట్టుకుని, "మాఘ పౌర్ణమికి ఇద్దరూ కొంగులు ముడేసుకుని సముద్రంలో మూడు మునకలేసి రండి. పిల్లలు నిలుస్తారు" అన్నారు. పౌర్ణమి మధ్యాహ్నం రెండింటిదాకానే ఉందనీ, ఆ ఘడియలు దాటాక సముద్రాన్ని చూడొచ్చు గానీ ముట్టుకుంటే దోషమనీ పదిసార్లు చెప్పారు. ఇలాంటివాటికి మొహం చిట్లించే మా ఆయన ఆ రోజు "అట్టాగేనమ్మా" అని వెంటనే ఒప్పుకున్నారు. బాడుగ కారు కూడా మాట్లాడుకొచ్చారు. నేను పొంగిపోయాను. మునకకని అత్తగారు పసుపు రంగు చీర ఇచ్చారు. బట్టల కొట్టువాళ్ళ ఇంట్లోనే కొత్త చీర కనబడి రెండేళ్ళయింది.

కారంటే ఇప్పటి కారు కాదు, బొగ్గు గ్యాసు మీద నడిచేది. వెనకాల కుంపటి లాంటి పెద్ద డబ్బా. దాన్ని రాజేసి, చక్రం తిప్పి తిప్పి, డ్రైవరు సాయిబుగారు చెమటలు కక్కాక అది దగ్గుతూ కదిలేది. మా ఆయన రెండు పరుపుచుట్టలు తెచ్చి వెనక సీట్లో నా పక్కన పెట్టారు. ఒక్కపూట ప్రయాణానికి పరుపులెందుకండీ అంటే, "ఉపవాసంతో ఉన్నావుగా, దార్లో కాసేపు నడుం వాలుస్తావని" అన్నారు. నాలుగేళ్ళ కాపురంలో నా నడుం గురించి ఆయన మాట్లాడడం అదే మొదలు.

కంకిపాడు దగ్గర తనిఖీవాళ్ళు కారు ఆపారు. ఖాకీ బట్టల ఆఫీసరొకాయన లోపలికి తొంగి చూశాడు. మా ఆయన దిగి, చేతులు కట్టుకుని, "ఇంటిదాన్ని సముద్రస్నానానికి తీసుకెళ్తున్నానండీ. ఇద్దరు బిడ్డలు పోయారు. ఆడపిల్లయితే తొమ్మిది రోజులుండి పోయిందండీ" అన్నారు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆ పిల్ల ఈయనకీ గుర్తుందన్నమాట, రోజులతో సహా గుర్తుందన్నమాట అనుకున్నాను. ఆఫీసరు నా మొహం చూసి, "వెళ్ళి రండమ్మా, అంతా మంచే జరుగుతుంది" అన్నాడు. ఆ తరవాత ఉయ్యూరు దాకా తొమ్మిది మైళ్ళూ నా బతుకులో మంచి తొమ్మిది మైళ్ళు.

ఉయ్యూరులో ఒక పెంకుటింటి ముందు ఆపించి, మా ఆయన ఒక పరుపుచుట్ట భుజాన వేసుకుని లోపలికి వెళ్ళారు. కాసేపాగి దాహానికని నేనూ వెళ్ళాను. వసారాలో పరుపు విప్పి ఉంది. దూది ఉండవలసిన చోట తెల్లటి నూలు కట్టలు, చిలపలంటారే, అవి. మగ్గాల వాళ్ళు వాటిని ఆత్రంగా ఏరుకుంటున్నారు. ఆ రోజుల్లో పర్మిట్ లేకుండా నూలు మోస్తే జైలే. నాకంతా అర్థమైపోయింది. అత్తగారి మొక్కు ఆయనకు పర్మిట్ అయింది. నేనూ, నా కన్నీళ్ళూ, పేరు లేని నా పిల్లా కలిసి ఆ పరుపు మీద కప్పిన దుప్పటి. నేను నీళ్ళు తాగకుండానే వచ్చి కార్లో కూర్చున్నాను. ఆ మనిషి అప్పటికప్పుడు పోతే బాగుండునని నా మనసులో అనుకున్నాను. పౌర్ణమి పూట అనుకోకూడని మాటే.

అక్కణ్ణించి రెండో పరుపుచుట్ట బేరాలకని పామర్రులో గంటన్నర. మెయిన్ రోడ్డు వదిలి పెడనలో ఇంకో రెండు గంటలు. నేతవాళ్ళు ఆయనకు విస్తరి వేసి భోజనం పెట్టారు. రెండు కావస్తోందని ఒకసారి లోపలికి కబురు పెట్టాను. "సముద్రం ఎక్కడికి పోతుంది?" అని లోపలినుంచే జవాబొచ్చింది.

సముద్రం ఎక్కడికీ పోలేదు, పౌర్ణమే పోయింది. మేం మంగినపూడి చేరేసరికి నాలుగు దాటింది. స్నానాల జనం వెళ్ళిపోయి, తొక్కిన పూలూ అరటి తొక్కలూ మిగిలాయి. అంత నీటిని నేను అదే చూడడం. పరుగెత్తబోతే మా ఆయన చెయ్యి పట్టి ఆపారు.

"తిథి దాటింది, ముట్టుకోకు. ఇప్పటికే ఇద్దరు పోయారు" అన్నారు.

"పాపం, ఇంతదూరం వచ్చింది, కాళ్ళన్నా తడుపుకోనీయండి బాబూ" అన్నారు సాయిబుగారు.

"మీకు తెలీదు, ఊరుకోండి" అని మా ఆయన నా సంచీలోంచి పసుపు చీర తీసుకుని, పంచె ఎగగట్టి నీళ్ళలోకి దిగారు. చీరను మూడుసార్లు ముంచి, పిండి, మడతపెట్టి తెచ్చారు.

"అదేంటండీ?" అన్నాను.

"అమ్మ అడుగుద్ది."

"మరి మీరు దిగారుగా?"

"మగాణ్ణి, నాకేంటి దోషం?"

ఇంటికి రాగానే అత్తగారు చీర ఆరేసి, ఉప్పు తేలిన అంచును కళ్ళకద్దుకున్నారు. నేను నోరు మెదపలేదు. కాపురం చెడుతుందని భయం, నూలు సంగతి బయటపడుతుందని భయం. చెప్పి ఉంటే ఆవిడ మరుసటేడు తనే నన్ను తీసుకెళ్ళేవారని ఇప్పుడు తోస్తుంది. ఆ మునకలతో పిల్లలు బతుకుతారని ఇవాళ నేను నమ్మను. కానీ ఆ ఇంట్లో అందరూ నమ్మారు, అదే కొంప ముంచింది. మూడేళ్ళు చూసి, "సముద్రస్నానం చేయించినా ఫలితం లేకపోయె. దీని ఒంట్లోనే ఉంది దోషం" అన్నారు అత్తగారు. మా ఆయన అక్కడే కూర్చుని కాఫీ తాగుతున్నారు. ఆయన వంక చూశాను. గ్లాసు దించలేదు. ఆ వేసవిలోనే ఆయనకు రెండో పెళ్ళి చేశారు. ఆమెకు ముగ్గురు పుట్టారు. వాళ్ళను ఎత్తుకుని పాలు పట్టింది నేనే, వాళ్ళ మీద మాత్రం నాకే కోపమూ లేదు.

నేనసలు నీళ్ళే తాకలేదు అత్తయ్యగారూ అనడానికి ఎంతసేపు పడుతుంది? రేపు చెబుదాం, పండగ వెళ్ళాక చెబుదాం, ఆవిడ జ్వరం తగ్గాక చెబుదాం అనుకుంటూ ఉండగానే ఆవిడ పోయారు, తరవాత ఆయనా పోయారు. ఒక్క నిమిషం మాటను నేను అరవై ఏళ్ళు దాచుకున్నాను, ఇప్పుడు ఎవరికీ భయపడనక్కర్లేని రోజు వచ్చేసరికి, అది విని తల దించుకోవలసిన వాళ్ళు ఒక్కరూ లేరు.