నెట్టుకొస్తున్నాను

హిల్యాకి ఎనభై ఏడేళ్లు. పదహారో ఏట నుంచి నదిలో దుంగలు తేల్చే కూలీలకు వండిపెట్టింది. మొగుణ్ణి సాగనంపింది, ఒక కొడుకునీ సాగనంపింది. ఇన్నేళ్లలో ఎవరు పలకరించినా ఆవిడది ఒక్కటే జవాబు, "నెట్టుకొస్తున్నాను." ఆ మాటకొస్తే ఆ ఊళ్లో అందరిదీ అదే జవాబు. కాలు తెగిపడినా అదే అంటారు. చిక్కంతా దాంతోనే వచ్చిపడింది.

ఈ చలికాలంలో ఆవిడ మూడుసార్లు పడింది. మూడుసార్లూ ఆసుపత్రివాళ్లు నాలుగు రోజులుంచుకుని, వైద్యం అయిపోయింది, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. వృద్ధుల నివాసంలో చోటు కావాలంటే ప్రభుత్వ ఆఫీసు నుంచి మనిషి వచ్చి, చూసి, రాయాలి. ఈలోగా అరవై నాలుగేళ్ల కూతురు ఐలా, తన నడుమే వంగకపోయినా, రోజుకు రెండుసార్లు కారేసుకొచ్చి తల్లిని లేపి, కడిగి, పడుకోబెడుతోంది.

అధికారి కత్రీ ఇప్పటికి రెండుసార్లు వచ్చి వెళ్లింది. రెండుసార్లూ ఒకటే భాగోతం. "ఇంటికి మనిషొస్తుంటే కాఫీలోకి ఏమీ లేకుండానా?" అంటూ ముసలామె గోడలు పట్టుకుని లేచి ఏలకుల బన్నులు చేసింది, ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డ బల్లమీద పరిచింది. ఆ తర్వాత రెండు రోజులు మంచం దిగలేదు. కత్రీ మాత్రం రెండేసి బన్నులు తిని, "వంట స్వయంగా చేసుకోగలరు" అని రాసుకుపోయింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. వారం తిరిగేసరికి ఉత్తరం వచ్చేది, నివాసంలో చోటు అవసరం లేదని.

అందుకే మూడోసారి ఐలా ముందురోజే పిండి డబ్బా ఎత్తుకుపోయి కారులో దాచింది. పొద్దున్నే వచ్చి చూస్తే బల్లమీద బన్నులు!

"పిండెక్కడిదమ్మా?"

"పక్కింటావిణ్ణి అడిగా. నా పరువు తీద్దామనుకున్నావా?"

ఐలాకి గోడకేసి తల బాదుకోవాలనిపించింది. అంతలో కత్రీ వచ్చి కూర్చుంది.

"ఎలా ఉన్నారు హిల్యా గారూ?"

"నెట్టుకొస్తున్నా అమ్మాయ్. ఇంకోటి తీసుకో."

"మళ్లీ పడ్డారట?"

"పడటమేంటి? కాస్త కూర్చున్నా."

"ఆవిరి స్నానాల గదిలో నేలమీద, నాలుగు గంటలా?" ఐలా అరిచింది.

"వెచ్చగా ఉంది, కూర్చున్నా. నీకేం?"

కత్రీ నవ్వి, ఐలా వైపు తిరిగింది. "మరి మీరు? చూసుకోగలుగుతున్నారా?"

ఐలా నాలుక చివరిదాకా తల్లి మాటే వచ్చేసింది. పళ్లు బిగించి మింగింది.

"లేదు. నా వల్ల కాదు."

పరాయివాళ్ల ముందు ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనని మాట అది. సిగ్గుతో ఐలా చెవులు కాలిపోయాయి. కత్రీ రాయడం ఆపింది.

హిల్యా కప్పు కింద పెట్టింది. కూతురి మొహం చూడకుండా గొణిగింది. "నా వల్లా కావట్లేదే."

"ఏమన్నారు?" కత్రీ ముందుకు వంగింది.

"కాఫీ చల్లారిపోతోందన్నా."

"అలా అనలేదు!" ఐలా లేచి నిలబడింది. "అమ్మ ఏమందో నేను విన్నాను. నేను చెప్తా, రాసుకోండి."