కాళ్ళు కడిగించుకునేవాళ్ళు కావలెను

దేవుడొక్కడే అన్న మాట మా ఊళ్ళో ప్రతి ఆదివారం రెండు మైకుల్లో, ఒకే వేళకు వినిపిస్తుంది. బోగోలు దాటి సముద్రం వైపు వస్తుంటే మొదట పెద్దగుడి అని పిలిచే పాత చర్చి, వీధి చివర తరువాత వచ్చిన ప్రార్థన మందిరం. మధ్యలో మా ఇల్లు. ఒకవైపు నుంచి పరలోకం, ఇంకోవైపు నుంచి నరకం మా వరండాలో కలుసుకుని చెవులు గింగురుమంటాయి. గంగమ్మకు మొక్కుకునే మా పక్కింటి వలల ఆయన ఒకసారి నన్ను ఆపి, "మీ దేవుడు ఒకడేనా అక్కా, లేకుంటే వాటాలు పంచుకున్న అన్నదమ్ములా?" అని అడిగాడు. నవ్వి ఊరుకున్నాను.

మా అమ్మకు మాత్రం ఇందులో నవ్వు కనిపించేది కాదు. అమ్మది పెద్దగుడి. పిన్ని, అంటే అమ్మ సొంత చెల్లెలు, పెళ్ళయ్యాక మందిరంలో చేరింది. ఇద్దరూ ఒకే కంచంలో తిని పెరిగినవాళ్ళు. ఇప్పటికీ చేపల పులుసు గిన్నె మా ఇంటి నుంచి వాళ్ళింటికీ, వాళ్ళింటి నుంచి మా ఇంటికీ తిరుగుతూనే ఉంటుంది. కానీ ప్రభువు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్ల దగ్గర ఇద్దరూ పక్కపక్కన కూర్చుని రొట్టె తీసుకున్నది పెళ్ళిళ్ళు కాకముందే. ఆ తరువాత ఈ గుడివాళ్ళు ఆ గుడికి పోరు, ఆ గుడివాళ్ళు ఈ గుడికి రారు. ఒకరోజు పోతే పాపమేమీ కాదని నేనంటే, అమ్మ ఒప్పుకునేది కాదు. రెండు సంఘాల పెద్దలే పిలవాలట.

గుండె జబ్బు ముదిరి, కాళ్ళు వాచి, అమ్మ మంచం పట్టాక ఆ కోరిక బయటపడింది. "పోయేలోగా ఒక్కసారి చెల్లెలి పక్కన కూచోని రొట్టె తీసుకోవాలమ్మే" అంది. కావలి డాక్టరు మొహం చూసినవాళ్ళకెవరికైనా తెలుస్తుంది, ఇంకో ఏడాది దాకా ఆగే కోరిక కాదది.

అందుకే ఈసారి ఈస్టరు ముందొచ్చే శ్రమల వారంలో రెండు సంఘాలూ కలిసి ఆరాధన పెట్టుకుంటాయని తెలిసినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. చేపల వేట నిషేధం మొదలై పడవలన్నీ ఒడ్డెక్కాయి, మగవాళ్ళంతా ఊళ్ళోనే ఉన్నారు. ఒకరి గుడిలోకి ఇంకొకరు అడుగుపెట్టరు గనుక, తుఫాను షెల్టరులో పెట్టుకుందామన్నారు. శుభ శుక్రవారానికి ముందు రోజు సాయంత్రం. ముందు పాదాలు కడిగే కార్యక్రమం, తరువాత రొట్టె, ద్రాక్షారసం. ఇరువైపులవాళ్ళనీ సమానంగా తిడతానని పేరుంది కాబట్టి నన్ను కూడా కమిటీలో వేశారు.

సిలువకు ముందు రాత్రి యేసు ప్రభువు తన శిష్యుల కాళ్ళు కడిగిన సంగతి అందరికీ తెలిసిందే. రెండు సంఘాల్లోనూ ఏటా ఆ రోజున పాస్టరు నడుముకు తువ్వాలు కట్టుకుని సంఘపెద్దల కాళ్ళు కడగడం ఆచారం. మరి కలిసి చేసుకుంటే ఎవరు కడగాలి? ఇదీ కమిటీ ముందుకొచ్చిన మొదటి ప్రశ్న. ఆఖరి ప్రశ్న కూడా అదే అయింది.

"మేమే కడుగుతాం. పాత సంఘం మాది. ముందు తగ్గించుకోవాల్సింది మేమే గదా" అన్నాడు పెద్దగుడి సంఘపెద్ద.

"అదెట్టా కుదురుతాది?" అని లేచాడు మందిరం పెద్ద. "మీరు వంగి కడగతా ఉంటే మేం కుర్చీలో కూచుంటే, మందిరం వాళ్ళకు గర్వం అని రేపు ఊరంతా చెప్పుకుంటారు. మేమే కడగాల."

"ఇద్దరూ కడగండి, గొడవుండదు" అన్నాను.

"అప్పుడు కాళ్ళు ఎవురివి?" అని ఇద్దరూ నా మీదికే వచ్చారు.

అంతే. ఊరి నిండా కడిగేవాళ్ళే గానీ, కడిగించుకుంటానన్నవాడు ఒక్కడు దొరకలేదు. వినయంలో కూడా ఫస్టు రావాలి మావాళ్ళకు. అక్కడి నుంచి గొడవ కాళ్ళు కడిగే గిన్నె మీదికి పాకింది. ఇత్తడి బేసిన్ తెస్తామని వీళ్ళు, ప్లాస్టిక్ టబ్బయితేనే తగ్గించుకున్నట్టు అని వాళ్ళు. నా తల పగిలిపోయింది. రెండు మీటింగులు, మూడు టీలు, ఒక అలక తరువాత, "ఆ రోజు ప్రభువే నడిపిస్తాడులే" అని లేచిపోయారు. చేతకానిదాన్ని ప్రభువు నెత్తిన పెట్టడం మాకు మామూలే. రొట్టె గురించి మాత్రం ఒక్కరూ మాట్లాడలేదు. రొట్టె విషయంలో మాట్లాడుకోవడానికి ఏముంటుందని నేనూ అడగలేదు.

ఆ రోజు అమ్మను ఆటోలో తీసుకుపోయి, కుర్చీతో సహా షెల్టరు మెట్లెక్కించాం. ఉదయం నుంచీ ఏమీ ముట్టలేదు. రొట్టె తీసుకునే రోజు ఉపవాసం ఉండటం ఆమె అలవాటు. మాత్రలు వేసుకోవాలని నేను అరిచినా వినలేదు. పిన్ని తెల్లచీరలో వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ చేతులు పట్టుకుని, ఏదో గుసగుసలాడుకుంటూ, బడిలో పిల్లల్లా ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. అమ్మను అంత సంతోషంగా చూసి ఎన్నాళ్ళయిందో.

పాటలు అయ్యాయి, ప్రార్థన అయింది. పాస్టర్లిద్దరూ, పెద్దగుడి అయ్యగారు ఇటు నుంచి, మందిరం బ్రదర్‌గారు అటు నుంచి, నడుములకు తువ్వాళ్ళు చుట్టుకుని బేసిన్ దగ్గరికి వచ్చారు. మధ్యలో ఖాళీ కుర్చీ.

"మీరు కూర్చోండి బ్రదర్."

"అయ్యో, మీరు పెద్దలు అయ్యగారూ. మీరే కూర్చోండి."

"కాదు కాదు, నన్ను తగ్గించుకోనీండి."

"మరి నన్ను?"

మొదట జనం మురిసిపోయారు. కాసేపటికి విసనకర్రలు తీశారు. ఇంకాసేపటికి వెనక నుంచి ఒకాయన, "మా అయ్యగారు అంత బతిమాలతా ఉంటే కూచోకపోవడమేంది? అవమానం చెయ్యడానికి పిలిపించినారా?" అన్నాడు. "ఎవురికి అవమానం?" అని ఇటు నుంచి ఇంకొకడు లేచాడు. చెప్పులు వెతుక్కునేవాళ్ళు వెతుక్కుంటున్నారు. తువ్వాళ్ళు కట్టుకున్న ఆ ఇద్దరూ మాత్రం చిరునవ్వులు చెదరకుండా, కదలకుండా నిలబడ్డారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ బేసిన్ ఎత్తి ఇద్దరి నెత్తినా కుమ్మరిద్దామనిపించింది.

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "రొట్టె పెట్టకుండానే లేచిపోతారేందమ్మే వీళ్ళు?"

నేను జవాబు చెప్పేలోగానే లేచింది. ఒకవైపు పిన్ని, ఒకవైపు నేను పట్టుకుంటే, ఆయాసపడుతూ నడిచి వెళ్ళి ఆ ఖాళీ కుర్చీలో కూలబడింది. వాచిపోయి నిగనిగలాడుతున్న రెండు కాళ్ళూ నీళ్ళలో పెట్టింది.

"నా కాళ్ళు కడగండయ్యా. ఎవురైనా సరే. బిరీన కానీండి, నేను ఎక్కువసేపు కూచోలేను."

అయ్యగారు మోకాళ్ళ మీద కూర్చుని కుడి కాలు పట్టుకున్నారు. అది చూసి బ్రదర్‌గారు ఎడమ కాలు పట్టుకున్నారు. ఇద్దరూ నొప్పి తగలకుండా కడిగారు, నెమ్మదిగా తుడిచారు. బ్రదర్‌గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జనం ఏడ్చారు, హల్లెలూయ అన్నారు, ఫోన్లు ఎత్తి వీడియోలు తీశారు. ఇందాకటి నుంచీ పళ్ళు నూరుతున్న నేనూ గట్టిగానే హల్లెలూయ అన్నాను. మావాళ్ళను అనవసరంగా ఆడిపోసుకున్నానే అని కూడా అనుకున్నాను. అమ్మ మాత్రం ఎవరినీ చూడటం లేదు. బల్ల మీద తెల్లగుడ్డ కప్పి ఉన్న రొట్టెనే చూస్తోంది.

మళ్ళీ వచ్చి మా వరుసలో కూర్చున్నాం. బ్రదర్‌గారు రొట్టె పళ్ళెం పట్టుకుని మా దగ్గరికి వచ్చారు. చొక్కా చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. పిన్నికి ఒక ముక్క ఇచ్చారు. అమ్మ రెండు చేతులూ దోసిలి పట్టింది. ఆయన పళ్ళెం కొంచెం వెనక్కి తీసుకున్నారు.

"అమ్మా, ఏమీ అనుకోవద్దు" అన్నారు మెల్లగా. "మీకు పసిబిడ్డప్పుడు నీళ్ళు చిలకరించినారు గదా, మునిగి తీసుకున్న బాప్తిస్మం కాదు. మునగనోళ్ళకు మేం రొట్టె ఇవ్వకూడదమ్మా. మీకు అయ్యగారు వేరే పళ్ళెంలో ఇస్తారు. అటు పక్కకు వచ్చి కూచోండి."

అటు పక్క అంటే గోడ దగ్గర. పెద్దగుడివాళ్ళు అప్పటికే లేచి అక్కడ బారులు తీరుతున్నారు. మందిరంవాళ్ళు ఇటు. నేను అయ్యగారి వైపు చూశాను. ఆయన తన పళ్ళెం మీది గుడ్డ సర్దుకుంటూ, "ఇవన్నీ కమిటీలోనే తేల్చుకోవాల్సింది" అన్నారు. కమిటీ కాళ్ళ దగ్గరే ఆగిపోయిందని అరవబోయాను.

అమ్మ దోసిలి ఇంకా అలాగే ఉంది. కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది.

"కాలు పట్టుకుంటే అంటని దోషం, రొట్టె పెడితే అంటతాదా అయ్యా?"

బ్రదర్‌గారు తల వంచుకున్నారు. పళ్ళెం మాత్రం ముందుకు జరగలేదు.

"నువ్వు తినవే" అంది అమ్మ, పిన్నితో. "నాకోసం నువ్వు మానుకోబాకు."

పిన్ని చేతిలోని ముక్కను తిరిగి పళ్ళెంలో పెట్టేసింది.

"నేనొక్కదాన్నే తినాలంటే మా మందిరంలోనే తినేదాన్ని గదా బ్రదర్. ఈడికి మా అక్క కోసం వచ్చినాను."

బ్రదర్‌గారు పళ్ళెం పట్టుకుని వెనక వరుసకు పోయారు. అమ్మ దోసిలి దించి ఒళ్ళో పెట్టుకుంది. అమ్మకూ పిన్నికీ చిన్నప్పటి నుంచీ వచ్చిన పాట ఏదో ముందు వరుసలవాళ్ళు ఎత్తుకున్నారు. ఇద్దరూ పాడలేదు, లేచి గోడ వైపుకూ పోలేదు.