గుండ్ల పేరు

మేం ధర్మపురి వెళ్లిన రోజే దొంగ మా ఇంట్లో దూరాడు. బీరువా తలుపు వంచి, తమ్ముడు దుబాయి నుంచి పంపిన దుప్పటి, అవ్వ గుండ్ల పేరు పట్టుకుపోయాడు. వంటింట్లో కుక్కర్ కూడా వదల్లేదు, కక్కుర్తి వెధవ. గుండ్ల పేరంటే బంగారు గుండ్లు గుచ్చిన దండ. అవ్వంటే మా అమ్మ; ఆమె పెళ్లికి వాళ్లమ్మ పెట్టింది. తల్లి గుర్తుగా మిగిలింది అదొక్కటే. దానికోసం అవ్వ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఠాణాలో ఫిర్యాదు రాసుకున్న మహానుభావుడు ఒక కన్ను సెల్‌ఫోన్ మీద పెట్టే రాశాడు. "పేరు?" అని అడిగాడు.

"గుండ్ల పేరు సారూ, నా గుండ్ల పేరు వోయింది" అంది అవ్వ ఏడుస్తూ.

ఆయన తలాడించి రాసుకున్నాడు. చదవకుండా సాక్షి సంతకం పెట్టిన దద్దమ్మను నేను. డిగ్రీ కూడా ఉంది నాకు.

మూడు నెలలకు, దొంగ భైంసాలో దొరికాడని కబురొచ్చింది. నాన్నను మేం బాపు అంటాం; ఆయనతో సహా ముగ్గురం వెళ్లాం. ఠాణా ముందు పెళ్లి సందడి. బల్ల మీద తెల్లగుడ్డ, దాని మీద మా సొమ్ము, వెనక వరుసగా అధికారులు. పట్టుకోవడానికి ఎందరు వెళ్లారో గానీ ఫోటోకు మాత్రం పదకొండు మంది నిలబడ్డారు. అవ్వ తన పేరును చూసి చెయ్యి చాపింది.

"ఫోటోలు అయినంక రా అవ్వా, అడ్డం రాకు" అని కసిరారు. సొమ్ము ఆమెది, అడ్డమూ ఆమే!

తర్వాత కాగితం తీశారు. అందులో కుక్కర్ ఉంది, దుప్పటి ఉంది, పేరు మాత్రం లేదు. అవ్వకేమో 'గుండ్ల' అని కొత్త ఇంటిపేరు తగిలించారు. కాసుల పేరు తెలిసిన మనిషికి గుండ్ల పేరు తెలియదట!

"రసీదన్న చూపియ్యి. లేకుంటే నీదని ఎట్ల నమ్మాలె?" అన్నాడు పెద్ద సారు.

చేసిన కంసాలి పోయి ఏళ్లయింది. అవ్వ బాపు వైపోసారి చూసి తల దించుకుంది.

"దాంట్ల ఒక గుండు ఇత్తడిది సారూ. నాట్లేసేటప్పుడు ఒకటి పొలంల వడ్డది. ఈయన తిడ్తడని సప్పుడు చెయ్యక ఇత్తడిది గుచ్చిన."

ముప్పై ఏళ్లు దాచుకున్న మాటను అంతమంది ముందు చెప్పించారు. నాకు ఒళ్లు మండిపోయింది.

బజారు నుంచి ఒక కంసాలిని పిలిపించారు. అతను గుండ్లన్నీ ఒక్కొక్కటే గీటురాయి మీద గీసి చూశాడు.

"అవ్వ చెప్పింది నిజమే సారూ, ఇత్తడి ఉన్నది. కాకపోతే ఒకటి గాదు, రెండు."

ఏనాడూ పేపరు తిరగేయని బాపు, గోడ మీది పోస్టర్‌ను శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు. పెద్ద సారు నవ్వాపుకుంటూ, జాబితాలో పేరు చేర్చడానికి కలం తీశాడు.

అవ్వ కళ్లు తుడుచుకుని మొదటిసారి గొంతు పెంచింది.

"రాసుకో సారూ, ఈసారన్న సక్కగ రాసుకో. పేరు నాది. దొంగ గూడ మా ఇంటోడే."