పోయిండన్న మాట

చిట్యాల అవతలి పల్లెలో సుక్కమ్మకు భయమంటే తెలియదని పేరు. మందలో పడ్డ తోడేలును కట్టె పట్టి తరిమిన మనిషి. అలాంటి మనిషిని, చూడండి, సెల్లులో వచ్చిన ఒక్క మెసేజీ గడగడ వణికించింది!

ఆ మెసేజీ చదివి చెప్పింది పంచాయతీ కార్యదర్శి గోపీకృష్ణ. ఊరికి కొత్త. వితంతు పింఛను మంజూరైందమ్మా అన్నాడు. సుక్కమ్మ చెయ్యి మెడలోని పుస్తెల మీదికి పోయింది. నేనడగలేదు గదా అంది. అడగనక్కర్లేదట. రేషను, ఆధారు, దవాఖాన, ఇంటింటి సర్వే అన్నీ ఒక్కచోట కలిపి, ఎవరికేమివ్వాలో సర్కారు కంప్యూటరే తేలుస్తుందట.

"అంటే మనకు ఎరుక లేనిది గూడ దానికి ఎరుకుంటదా సారూ?"

"అన్నీ ఎరుకుంటయమ్మా."

ఇంకేముంది, మొగుడికేదో అయిందనే అనుకుంది. పెనిమిటి ఐలేశం ఉగాది వెళ్ళాక మందను తోలుకుని మిర్యాలగూడ వైపు, కోసిన వరిమళ్ళలో మేపడానికి వెళ్ళాడు. ఫోను చేస్తే స్విచ్చాఫ్. మళ్ళీ చేసినా అదే. ఏ లారీ గుద్దిందో, ఏ కాలువలో పడ్డాడో! కంప్యూటరుకు ముందే తెలిసింది, కట్టుకున్నదానికి తెలియలేదు. ఉన్నపళంగా బస్సెక్కింది.

నార్కట్‌పల్లి దాటాక గుర్తొచ్చింది. సర్వేకొచ్చిన పిల్ల మీ ఆయనేడని అడిగితే, పొయ్యి మీద గటక మాడుతోందన్న తొందరలో "పోయిండు" అంది తను. ఎప్పుడంటే, ఉగాది ఎల్లినంక అంది. గడప దాటేవాడు సైతం పోయొస్త అంటాడే గానీ ఉత్త పోత అనడే! తన పాడు నోరే మొగుణ్ణి మింగిందని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మిర్యాలగూడలో దిగి మందల జాడ అడుగుతూ పోతే, ఐలేశం కాలువ గట్టున కూర్చుని, ఈనిన గొర్రెకు నీళ్ళు పెడుతున్నాడు. ఫోను నీళ్ళలో పడి పాడైందట. సుక్కమ్మ అతని భుజం మీద నాలుగు దెబ్బలు వేసి, అక్కడే కూలబడిపోయింది. సంగతి విని అతను పగలబడి నవ్వాడు.

"నువ్వు పోయిండంటే, గా పిల్ల సచ్చిండని ఎక్కించుకున్నది."

మందను తోటివాళ్ళకు అప్పగించి ఇద్దరూ ఊరికొచ్చారు. పంచాయతీలో ఐలేశం వేలిముద్ర మిషను మీద వేలు పెట్టాడు. తీసుకోలేదు. ధోవతికి తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. అతని నవ్వు ఆగిపోయింది. చనిపోయినవాళ్ళ వేలు ఇది తీసుకోదని, పైకి రాయాలని, పైవాళ్ళు తేల్చేదాకా ఇంతేనని గోపీకృష్ణ మెల్లగా చెప్పాడు.

బస్సులో పట్టుకున్న భయం సుక్కమ్మకు మళ్ళీ పట్టుకుంది. మొగుడి మణికట్టు పట్టి, బల్ల మీదుగా కార్యదర్శి ముందుకు తోసింది.

"ఎచ్చగనే ఉన్నది సారూ. జర పట్టి చూడు."

గోపీకృష్ణ కంప్యూటరు తెర వైపే చూస్తున్నాడు.