గాజు నీడ కింద

గాజుతో శిల్పాలు చేసేవాళ్లకు చేతిలో ఉన్నంతసేపే భయం అంటారు. నాకు చెయ్యి దాటాక మొదలైంది.

హనుమకొండలో ఒక జంపఖానాల దుకాణం వాళ్లు గుమ్మం మీదికి ఏదైనా చేసిపెట్టమన్నారు. పాత కిటికీ అద్దాలు బట్టీలో కరిగించి, నీలం రంగు కలిపి, మంచం పొడవున్న పలక పోశాను. లోపల పడుగు దారాల్లా సన్నటి రాగి తీగలు పరిచాను. అది చల్లారేదాకా వారం రోజులు బట్టీ తలుపు తియ్యకూడదు. నాలాంటి తొందర మనిషికి అంతకన్నా శిక్ష లేదు.

బిగించే రోజు గోడకు నల్లరాయి పెట్టి, రాతిలోంచి నాలుగు ఇనుప చువ్వలు బయటికి తీసి, పలకను చూరులా అడ్డంగా పడుకోబెట్టి, దానికున్న నాలుగు రంధ్రాల్లో వాటి కొనలు దూర్చాం. చువ్వకూ గాజుకూ మధ్య కాస్త సందు వదిలి రబ్బరు తొడగాలి. ఎండకు ఇనుము గాజు కన్నా ఎక్కువ ఉబ్బుతుంది. సందు లేకపోతే గాజును లోపలి నుంచి నొక్కి పగలగొడుతుంది. రబ్బరు తొడగమని మేస్త్రీకి చెప్పి భోజనానికి వెళ్లాను. ఎందుకో చెప్పలేదు, సగమే చెప్పానని తర్వాత తెలిసింది.

జనవరిలో ప్రారంభం. దండలు, ఫొటోలు, మిఠాయి. తలెత్తి చూస్తే నాలుగు చువ్వల చుట్టూ నున్నటి సిమెంటు. మేస్త్రీని పక్కకు పిలిచి రబ్బరేదని అడిగాను.

"తీసేసిన మేడం. సందు కనవడితె పని కచ్చగ చేసిండంటరు గద. సిమెంటు వెట్టి పక్కా చేసిన," అన్నాడు. మెచ్చుకుంటానని నా మొహం చూస్తూ నిలబడ్డాడు.

నోరు మూసుకున్నాను. అంతమంది ముందు దించమంటే నా పరువేం కావాలి? చలికాలమే కదా, ఎండలు ముదిరేలోపు ఏదో ఒకటి చేద్దాం అనుకున్నాను. ఫిబ్రవరి అంతా అలా అనుకుంటూనే గడిపాను. యజమాని వచ్చినవాళ్లందరికీ పలకను చూపించి మురిసిపోతుంటే, సిమెంటు మాట మింగలేక కక్కలేక చచ్చాను.

మార్చిలో ఎండ చురుక్కుమన్న రోజు చూద్దామని వెళ్లాను. పలక కింద ఒక పూలమ్మే అవ్వ బుట్ట పెట్టుకుని కూర్చుంది. అంతకు ముందు బస్టాపు దగ్గర ఉండేది.

"నీ అద్దం కింద మస్తు సల్లగున్నది బిడ్డ. పూలు గూడ వాడుతలేవు," అంది.

అప్పుడే పైన పలక టిక్కుమంది. చటుక్కున తలెత్తాను.

"పగటాల్ల అయితె గిట్లనే అంటది. ఏం గాదు గద?" అని అడిగింది.

"ఏం గాదవ్వా," అన్నాను.

ఆ మాట అన్నాక ఇంట్లో కాలు నిలిచేది కాదు. రోజూ మధ్యాహ్నం ఏదో వంకతో దుకాణానికి వెళ్లి, జంపఖానాలు చూసేదానిలా నిలబడి చెవి పైకి పెట్టేదాన్ని. వంటింట్లో గ్లాసు జారిపడితే ఉలిక్కిపడి లేచేదాన్ని. ఎండ ఎంత పెరిగితే ఆ నీడలోకి అంతమంది చేరేవాళ్లు. వాళ్లు వచ్చిపోయేవాళ్లు, అవ్వ మాత్రం పొద్దంతా అక్కడే. ఆమె నెరిసిన తల సరిగ్గా మూడో చువ్వ కింద ఉండేది. కళ్లు మూసుకున్నా నాకు ఆ పాపిడే కనిపించేది.

ఏప్రిల్‌లో ఒక రోజు, నీడలో అవ్వ ఒక్కతే ఉన్నప్పుడు, ఆ మూడో చువ్వ దగ్గర బియ్యపు గింజంత బీట కనిపించింది. అవ్వ భుజం పట్టి కుదిపాను.

"అవ్వా, లే. జల్ది ఇటు రా. అద్దం పగులుతాంది."

బుట్ట నేనే లాగాను. ఆమె మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచి రోడ్డు దాటేదాకా పలక మీంచి కళ్లు తియ్యలేదు. అక్కడ నిలబెట్టి సిమెంటు సంగతి మొత్తం చెప్పాను. విన్నది.

"నీకు ఎప్పటిసంది ఎరుక?" అని అడిగింది.

ఇవ్వాళే చూశానన్న అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. "పెట్టిన కాంచి," అన్నాను.

తిడుతుందనుకున్నాను. చెదిరిన పూలు ఏరుకుని బుట్టలో వేసుకుంది.

యజమానికి కూడా ఉన్నదున్నట్టు చెప్పి గుమ్మం మూయించాను. ఆయన తిట్లన్నీ తిన్నాను. మర్నాడు తెల్లవారగానే, ఇనుము చల్లగా ఉన్నప్పుడు, కింద కర్రలు ఊతంగా పెట్టి పలకను తాళ్లతో దించాం. మళ్లీ కరిగించి పోశాను. రంధ్రాలు పెద్దవి చేశాను, రబ్బరు నా చేత్తోనే తొడిగాను. ఈసారి సందు స్పష్టంగా కనిపిస్తుంది. పని కచ్చగా ఉందని ఎవరన్నా అంటే అననీ.

మే నెలలో పలక మళ్లీ పైకెక్కింది. అవ్వ రోడ్డుకు అవతల, నెత్తిన తడి తువ్వాల వేసుకుని, పూల మీద నీళ్లు చల్లుతూ కూర్చుంది.

"ఇగ భయం లేదవ్వా. నీడకు రా," అన్నాను.

ఆమె పైకీ, నా మొహంలోకీ చూసింది.

"ముందుగాల నువ్వు కూసో బిడ్డ. నేను జర ఈడికెల్లి చూస్త," అంది.

వెళ్లి ఆమె కూర్చునే చోటే కూర్చున్నాను. ఎండ నడినెత్తిన ఉంది. లెక్క ప్రకారం ఏమీ కాదు, ఆ లెక్క కట్టింది నేనే. తలెత్తకూడదనుకున్నాను, ఎత్తాను.

నేను తలెత్తడం ఆమె చూసింది. ఎండలోంచి బుట్ట తియ్యలేదు.