వణకని చెయ్యి

ఇరవై రెండేళ్లుగా పెళ్లిళ్ల వీడియోలు తీస్తున్నాను. పాతబస్తీలో మాదన్నపేట నుంచి జహనుమా దాకా, నేను పట్టిన కెమెరా వణికిందని ఒక్కరూ అన్న పాపాన పోలేదు. అలాంటి నన్ను మా బామ్మర్ది వచ్చి కెమెరా వణికించమన్నాడు.

వాడు బ్యాంకులో ఉద్యోగం చేస్తూ సెలవు రోజుల్లో సినిమా తీస్తున్నాడు. మూసీలోంచి మూడంతస్తుల జంతువు లేచి ఊరి మీద పడుతుంది. పారిపోతున్నవాళ్లలో ఒకడి చేతిలో కెమెరా ఉంటుంది. వాడు చచ్చాక ఆ కెమెరా ఎవరికో దొరుకుతుంది, అందులో ఉన్నదే సినిమా. జంతువును తర్వాత కంప్యూటర్లో పెడతారట.

"పానం మీదికొస్తే కెమెరా ఎవడు పట్టుకుంటడ్రా? పారేసి ఉరుకుతడు గానీ" అన్నాను.

"గట్ల లాజిక్కులు తియ్యకు బావా. టైటిల్స్‌ల ఛాయాగ్రహణం అని నీ పేరేస్త."

అక్కడే పడిపోయాను. ఇన్ని వందల పెళ్లిళ్లు తీసినా తెర మీద నా పేరు ఎవడు వేశాడు? చివర్లో నా స్టూడియో పేరు పెడితే అది కూడా తీసేయమన్నవాళ్లున్నారు.

ఒక ఆదివారం పొద్దున మాదన్నపేట మార్కెట్ పక్క గల్లీలో షూటింగ్ పెట్టాడు. జనం చాలడం లేదంటే, మా ఇంటి పై అంతస్తులో ఉండే మా అక్కను నేనే పిలుచుకొచ్చాను. మోకాళ్ల నొప్పులంటే వినలేదు. కూరగాయల సంచీ చేతికిచ్చి, అందరితో పాటు ఉరకమన్నాను.

"ఎన్కకెల్లి ఏమొస్తుందిరా?"

"పెద్ద జంతువక్కా. మూడంతస్తులుంటది."

"గంత పెద్దదొస్తే ఉరికి ఏం ఫాయిదా? గీడనే కూసుంట."

మొదటి టేకు చూసి బామ్మర్ది తల పట్టుకున్నాడు. పెళ్లి వీడియోలా ఉందన్నాడు. నిజమే, ఉంది. మా పనిలో ఒక పద్ధతి ఉంది. అక్షింతలు వేయడానికి వచ్చిన ప్రతి మొహం మీదా రెండు సెకన్లు ఆగాలి. ఏ పెద్దమ్మ మొహం తప్పిపోయినా వారం తిరగకుండా ఇంటి మీదికి లొల్లికి వస్తారు. ఆ అలవాటు చేతిలో ఉండిపోయింది. జనం కేకలు పెడుతూ పరుగెత్తుతుంటే నేను ఒక్కొక్కరి మొహం మీదా తీరిగ్గా రెండేసి సెకన్లు ఆగాను. ఒకావిడ ఏడుపు ఆపి, కొంగు సర్దుకుని, కెమెరాకు నవ్వి, మళ్లీ ఏడుస్తూ ఉరికింది.

"చావుకు భయపడి ఉరుకుతున్నరు బావా, బంతి భోజనానికి గాదు!"

కావాలని వణికిస్తే తాగినవాడు తీసినట్టు వచ్చింది. ఏడో టేకుకు నాకు ఒళ్లు మండిపోయింది. ఊపిరి బిగబట్టి, మోచేతులు పక్కటెముకలకు ఆనించి ఏళ్ల తరబడి నేర్చుకున్న పని ఇది. వీడేమో అది నా చేతకానితనమన్నట్టు మాట్లాడుతున్నాడు. కెమెరా వాడి చేతిలో పెట్టి పోదామనుకున్నాను. పేరు కోసం ఆగాను.

తొమ్మిదో టేకులో అక్క పడింది. తడి బండల మీద కొత్తిమీర కాడలు తొక్కి, జారి, మోకాలి మీద పడింది. నేను ఉరికాను. చేతిలో కెమెరా నడుస్తూనే ఉంది. బండలు, ఎవరివో చెప్పులు, దొర్లుతున్న టమాటాలు, ఓ ఆకాశం ముక్క, "అక్కా, అక్కా" అని నా గొంతు. మోకాలి చిప్ప పగిలింది. ఆపరేషన్ చేయాల్సి వచ్చింది.

ఆ షాటు తీసేయమని ఎంత మొత్తుకున్నా బామ్మర్ది వినలేదు. "సినిమా మొత్తంల గదొక్కటే నిజం బావా" అన్నాడు. సినిమా అందరి ఫోన్‌లలోకీ వచ్చింది. చూసినవాళ్లంతా ఆ షాటునే మెచ్చుకున్నారు. మలక్‌పేటలో ఒకాయన రోడ్డు మీద ఆపి మరీ చెయ్యి కలిపాడు. ఇన్నేళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని తీసింది ఒక్కడి కంటికీ ఆనలేదు, కెమెరా సంగతే మరిచిపోయిన పది సెకన్లకు మెప్పులు. ఏడవాలో తిట్టాలో తెలియలేదు.

నిన్న అక్క మంచం మీద కాలు చాపుకుని నా ఫోన్‌లో ఆ సినిమా చూసింది. తను పడ్డచోట ఆపింది. వెనక్కి జరిపి మళ్లీ చూసింది. పక్కన కూర్చుని నేనూ చూశాను. అప్పటిదాకా నేను గమనించనేలేదు. ఆమె పడగానే కెమెరా ఊగలేదు. ఆమె మొహాన్ని దగ్గరికి లాక్కుని, మసకను సరిచేసుకుని, అక్కడే నిలబడింది. నొప్పితో తెరిచిన నోరు, నుదుటి మీద చెమట, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఆ తర్వాతే పరుగు, ఆ తర్వాతే వణుకు.

"నేను గట్ల మొత్తుకుంటుంటే నువ్వు గీడ ఏం చేస్తున్నవ్‌రా?"

కోపంతో అడిగినా బాగుండేది. తెలియకే అడిగింది. నేను ఫోన్ తీసుకుని, అక్కడి నుంచి మళ్లీ పెట్టి లెక్కపెట్టాను. ఆమె మొహం మీద సరిగ్గా రెండు సెకన్లు ఆగాను.